తొమ్మిదేళ్ళ ఖాళీ

"పదిహేడుని కొట్టేశాను. ఇంక దాని మీద వాదన వద్దు," అంది పెద్ద మేడమ్, కళ్ళజోడు తీసి బల్ల మీద పడేస్తూ.

ఎదురుగా ఉన్న చిన్న మేడమ్ ఆ దరఖాస్తునే మళ్ళీ తన ముందుకు లాక్కుంది. పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఇద్దరు సైంటిస్టులూ ఆ గదిలోనే ఉన్నారు. సంస్థలో ఉన్నది ఒకే ఒక్క పరిశోధక ఉద్యోగం, వచ్చినవి నలభై మూడు దరఖాస్తులు. మొహమాటాలకి తావు లేకుండా పేర్ల మీదా, ఊళ్ళ మీదా, చదివిన కాలేజీల మీదా ఆఫీసువాళ్ళు నల్ల సిరా పూసి మరీ పంపారు. ఇక కనిపించేవి నంబరూ, వయసూ, చేసిన పనీ, ఏ ఏడు ఏం చేశారన్న లెక్కా. ఇంటర్వ్యూకి ఐదుగురిని పిలవాలి. నలుగురు మధ్యాహ్నానికే తేలిపోయారు. ఐదో చోటు దగ్గర మూడు గంటలుగా బండి కదలడం లేదు.

"మంచాన పడ్డవాళ్ళకి వీపు మీద పుండ్లు ఎందుకు మానవో ఇంత బాగా రాసినవాళ్ళు ఈ కట్టలో ఇంకెవరూ లేరు మేడమ్. పూట పూటకీ పక్కన కూర్చుని చూసినట్టుంది."

"పక్కన కూర్చుని చూస్తే సైన్స్ అయిపోతుందా? అలాగైతే ఇంటికో సైంటిస్టు ఉండాలి."

"ఆలోచన కొత్తది కదా?"

"నేను కాదన్నానా? ఇక్కడ చూడు." పెద్ద మేడమ్ పేజీ మీద వేలితో పొడిచింది. "పీహెచ్‌డీ చేసింది, రెండేళ్ళు పనిచేసింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఖాళీ. ఒక్క పేపరు లేదు, ఒక్క ఉద్యోగం లేదు."

"ఆడమనిషని ఎక్కడా రాయలేదుగా మేడమ్?"

"తొమ్మిదేళ్ళ ఖాళీ మగవాడికి ఎక్కడుంటుందే పిచ్చిదానా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. అంత అలసటలో ఆ నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

బల్ల మీద ఫోను గుర్రుమంది. పెద్ద మేడమ్ ఒకసారి చూసి దాన్ని బోర్లా తిప్పేసింది.

"మాట్లాడండి మేడమ్, పర్లేదు."

"మా చెల్లెలు. ఊరికే చేస్తుంటుంది. సాయంత్రం మాట్లాడతాలే."

చిన్న మేడమ్ పట్టు వదల్లేదు. "వయసు చూడండి. ఈసారి తప్పితే మళ్ళీ దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు. ఆమెకిదే ఆఖరి అవకాశం. ఆ తొమ్మిదేళ్ళూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని ఉండదు కదా?"

"మరి ఏం చేసిందో రాయొచ్చుగా? కారణం రాయమని ఇంత గడి ఇచ్చారు. అందులో ఉత్త గీత గీసి ఊరుకుంది." పెద్ద మేడమ్ గొంతు పెరిగింది. "నేను ఉద్యోగంలో చేరిన రోజున ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, మధ్యలో మానేయవని నమ్మకమేంటని అడిగారు. ఎందుకడిగారు? ఇదిగో, ఇలాంటివాళ్ళ వల్ల. ఇరవై ఏళ్ళు నేను మానేయనని రుజువు చేసుకుంటూనే బతికాను. మా నాన్న పోయిన మూడో రోజుకి ల్యాబులో ఉన్నాను. మా అమ్మ పక్షవాతంతో పడిపోయిన రోజు కూడా రిపోర్టు పూర్తి చేసే ఇంటికెళ్ళాను. ఒక్క నెల ఖాళీ చూపించు నా కాగితాల్లో!"

చిన్న మేడమ్‌కి ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది. మెల్లగా అడిగింది.

"అదంతా మీకెలా కుదిరింది మేడమ్?"

"కుదరదు అమ్మాయ్. మనమే కుదుర్చుకోవాలి."

ఆ మాట ఆమె నిజంగానే నమ్మి అంది.

తలుపు తోసుకుని గుమాస్తా తల లోపలికి పెట్టాడు. "ఐదయింది మేడమ్. కవరిస్తే సీలు వేసి పట్టుకెళ్ళిపోతాను. బండి కిందే ఉంది."

పెద్ద మేడమ్‌కి నడుం లాగేస్తోంది, కళ్ళు మండుతున్నాయి. ఇంకో పది నిమిషాలు వాదించే ఓపిక కూడా లేదు. ఐదో చోటులో ముప్పై ఒకటి అని రాసింది. పదిహేడు పక్కన, "తొమ్మిదేళ్ళ ఖాళీకి కారణం చూపలేదు" అని రాసి సంతకం చేసి, కాగితాన్ని అవతలికి జరిపింది.

చిన్న మేడమ్ కలం అందుకుంది. "సరే మేడమ్, మీ ఇష్టం," అని తనూ సంతకం పెట్టింది. గుమాస్తా వాళ్ళ ముందే కవరు అంటించి, సీలు వేసి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెద్ద మేడమ్ మెట్లు దిగుతుంటే ఫోను మళ్ళీ మోగింది.

"ఏంటే, పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు?"

"అక్కా, అమ్మ వీపు మీద పుండు పూర్తిగా మానిపోయింది! ఇన్ని రకాలుగా కట్టు మార్చి చూశానా, చివరికి నేననుకున్నదే నిజమైంది. ముందు నీకే చెప్పాలనిపించింది."

పెద్ద మేడమ్ కాలు మెట్టు మీదే ఆగిపోయింది.

"ఇంకో సంగతి. తిట్టకూడదు మరి. మీ సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ముందే చెబితే సిఫార్సు అడిగినట్టుంటుందని చెప్పలేదు. అన్నీ బాగానే రాశాను గానీ, ఒక్క గడి దగ్గర ఏం రాయాలో తోచక గీత గీసేశాను."

కింద ఆఫీసు బండి గేటు దాటి రోడ్డెక్కింది. పెద్ద మేడమ్ ఆ బండి కేసే చూస్తూ మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, వింటున్నావా? రేపు ఇంటర్వ్యూకి పిలిచి, ఈ తొమ్మిదేళ్ళూ ఏం చేశావని అడిగితే ఏం చెప్పమంటావు?"