పాళీ అరిగిన దిక్కు

“చాయ్ గ్లాసుల మళ్లా సిరా!”

ప్రేమ్‌కుమార్ గ్లాసెత్తి చూపించాడు. అడుగున నీలం నీళ్లు, అందులో మునిగిన రెండు పాత పాళీలు.

“నానవెట్టిన. ఎండిన సిరా ఊడాలె గద,” అంది ఊర్మిల.

“ఇంట్ల ఉన్నయే నాలుగు గ్లాసులు.”

“మూడున్నయి గద, అండ్ల తాగుండ్రి.”

వాకిట్లో కూర్చున్న ఊర్మిల తల్లి కొమురవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రేమ్‌కుమార్‌కు మరింత మండింది. గ్లాసును ఠంగుమని గూట్లో పెట్టాడు.

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, బందై నాలుగు నెలలు. మగ్గాల చప్పుడు లేని వీధిలో గ్లాసు పెట్టిన చప్పుడే పెద్దగా వినిపిస్తోంది. వారానికో ఇంటికి తాళం పడుతోంది. మగ్గాల పని వెతుక్కుంటూ భీవండికి పోయేవాళ్లు సామాను సర్దుతుంటే డబ్బాల అడుగున ఫౌంటెన్ పెన్నులు బయటపడుతున్నాయి. పారేయడానికి మనసొప్పక, మోసుకుపోవడానికి పనికిరాక, ఊర్మిల చేతిలో పెట్టి పోతున్నారు. అట్లా యాభై మూడు చేరాయి. ప్రతిదానికీ చీటీ కట్టి, ఎవరిదో రాసి, తన చీరల పెట్టెలో దాచింది. చీరలు దండెం మీదికి మారాయి.

ప్రేమ్‌కుమార్ కూడా భీవండికి నాలుగు టికెట్లు తీశాడు. కూతురు ప్రవళికకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చి పది రోజులైంది. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

ఆ పొద్దున్నే ఒక ముసలాయన వాకిట్లోకి వచ్చాడు. ఉతికి ఉతికి పలచబడిన తెల్ల చొక్కా, భుజానికి గుడ్డసంచి.

“పాత పెన్నులు దాస్తున్న బిడ్డ ఇల్లు ఇదేనా? పాళీలు బాగుచేస్త.”

ఊర్మిల సంబరంగా పెట్టె తెచ్చి ముందు పెట్టింది. కొమురవ్వ అప్పటికే పక్కింటికి పోయింది. ముసలాయన ఒక్కో చీటీ చదువుతూ పోయాడు. ఒక నల్ల పెన్ను దగ్గర ఆగాడు.

“కోరుట్ల రాజం, దుబాయి,” అని పైకే చదివాడు.

“మా బాపుది. దుబాయి నుంచి తెచ్చిండు. ఎంత కడిగినా నా చేతుల గీకుతది.”

“గీకుతది బిడ్డా. రాసినోళ్ల చెయ్యి ఎటు వాలితె పాళీ గా దిక్కే అరుగుతది. ఇంకో చేతికి లొంగది.”

“బాపుకు రాయరాదు. క్యాంపుల ఎవలో రాసిపెట్టెటోళ్లట. మాట మాత్రం బాపుదే. ఉత్తరం వచ్చినప్పుడల్లా ‘బిడ్డను బడి మాన్పియొద్దు’ అని ఉండేది. నేనే సదివేదాన్ని.”

ముసలాయన పెన్ను మీది నుంచి తల ఎత్తలేదు.

“ఎందాక సదివినవ్ బిడ్డా?”

“డిగ్రీ.”

“డిగ్రీ!” అన్నాడు. పెన్ను మూత తీస్తూ మళ్లీ అన్నాడు, “డిగ్రీ.”

ఆ పెన్నుతోనే ఒక పేపరు ముక్క మీద వరుస రాశాడు. గీకలేదు. తర్వాత సంచిలోంచి నున్నటి రాయి తీసి, పాళీని దాని మీద చాలాసేపు మెల్లగా రుద్దాడు.

“నీ చేతి దిక్కు తిప్పిన. ఇగ రాయి.”

ఊర్మిల రాసింది. ఏళ్లుగా మొరాయించిన పెన్ను నూనె రాసినట్టు జారింది.

అప్పుడే ప్రేమ్‌కుమార్ బయటికి వచ్చాడు.

“ఎవలు నువ్వు? పెన్నులు బాగుచేసుడా, ఇండ్లు చూసిపోవుడా? తాళాలు పడ్డయి శానా ఉన్నయ్, గక్కడికి పో.”

“గవేం మాటలు?” అంది ఊర్మిల. “కూసోండి, చాయ్ పెడుత.”

“వద్దు బిడ్డా. కడుపు నిండింది.”

నల్ల పెన్నును ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు.

వాకిలి ఊడుస్తుంటే ఊర్మిలకు ఆ పేపరు ముక్క దొరికింది.

‘ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.’

అన్ని అక్షరాలూ వెనక్కి వాలి ఉన్నాయి. బాపు ఉత్తరాలలో వాలినట్టే. చీపురు వదిలేసి వీధి చివరిదాకా ఉరికింది. ఎవరూ లేరు. పేరు కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ప్రేమ్‌కుమార్ తేల్చేశాడు.

“ఎల్లుండే బయలుదేరుడు. ప్రవళికకు గా సీటు గీటు వద్దు. అక్కడ బట్టల కార్ఖానల పని చెప్పిపెట్టిన.”

ప్రవళిక కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది.

“పిల్ల సదువుతది,” అంది ఊర్మిల. “పొద్దుగాల వచ్చినాయిన బాపు ఉత్తరాలు రాసినోడే. రాత చూసి గుర్తువట్టిన. తిండికి లేక దేశం పోయిన మా బాపే నన్ను మాన్పియద్దన్నడు. మనకేం రోగం?”

“మాన్పియమనే అన్నడు బిడ్డా,” అంది కొమురవ్వ.

అందరూ ఆమె వైపు చూశారు.

“రెండేండ్లకు సెలవుల వచ్చి నా మీద లేచిండు. ‘బీడీలకు కూసోవెట్టుమని ప్రతి ఉత్తరంల చెప్పిన గద, బడికెందుకు తోలినవ్’ అని. అప్పటికి నువ్వు తొమ్మిదిల ఉన్నవ్. సార్లు వచ్చి బతిమిలాడిండ్రు. గప్పుడు మీ బాపు ఊకున్నడు.”

“మరి ఆ మాట?”

“రాసెటాయిన సొంతంగ రాసిండు.”

“ఇన్నేండ్లు చెప్పకపోతివేందమ్మా?”

“బాపు, బాపు అని మురుస్తుంటివి. నోరు రాలె.”

ప్రేమ్‌కుమార్ పకపకా నవ్వాడు. “చూసినవా, మీ నాయిన గూడ నా తీరే!”

“అయితే మీరిద్దరు ఒక దిక్కుండుండ్రి,” అంది ఊర్మిల అన్నం వడ్డిస్తూనే. “నేను ఆ ముసలాయన దిక్కు. సోమవారం ప్రవళిక కాలేజీల చేరుతది. మీరు పోయేదుంటె పోండ్రి, మా ముగ్గురి టికెట్లు వాపస్ చేయుండ్రి. ఫారం మీద సంతకం నేను పెడుత, బాపు పెన్నుతోని.”

కొమురవ్వ తల అడ్డంగా ఊపింది.

“అది గూడ మీ బాపుది కాదు బిడ్డా. మళ్ల దుబాయి పోయినంక, ఇంకోసారి సొంత మాట రాయద్దని, ఆ రాసెటాయిన జేబులకెల్లి మీ బాపు గుంజుకొచ్చిన పెన్ను అది.”