ఘాటీ మొదట్లో ఆగే లారీ

లారీ మళ్లీ ఘాటీ మొదట్లోనే ఆగిపోయింది.

పృథ్వీరాజ్ వీడియో తీయడం ఆపేశాడు. చేతిలో ఇమిడే పాత గేమ్ మెషిన్ కోసం అతను సొంతంగా తయారుచేసిన ఆట అది. సాలూరులో సరుకేసుకుని కొండ మీదికెక్కే ఘాటీ రోడ్డెక్కాలి. కంప్యూటర్లో తానే వందసార్లు ఆడి చూశాడు. ఒక్కసారీ ఆగలేదు. అసలు మెషిన్లోకి ఎక్కించి నాన్న చేతికిస్తే మాత్రం రెండు రోజులుగా ఇదే వరస.

ఈ ఆటని పంపాలనుకున్న పోటీ వాళ్లకేమో అసలు మెషిన్ మీద ఆడిన వీడియోనే కావాలట. గడువు ఆదివారం సాయంత్రం. పృథ్వీరాజ్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తే ఆడేది నాన్న గంగులు. ముప్పై ఏళ్లు లారీ తోలిన చేతులను మించిన చేతులు ఎక్కడ దొరుకుతాయి?

లారీ ఆగిన ప్రతిసారీ గంగులు కళ్లు మూసుకునేవాడు. స్టీరింగ్ వద్దని కంప్యూటర్ పట్టుకున్న కొడుకు ఓడిపోతుంటే చూడలేకపోతున్నాడు పాపం, అనుకునేవాడు పృథ్వీరాజ్.

"ఒక్క నిమిషం ఆగరా," అనేవాడు గంగులు.

"ఇంకేటాగుతాం నాన్నా? బండే ఆగిపోనాది!"

మెషిన్ లాక్కుని కంప్యూటర్ ముందుకు పరుగెత్తేవాడు.

మెషిన్‌కి మెమరీ చాలడం లేదని తేల్చాడు. ఘాటీ మొదట్లో ఎంతో ముచ్చటపడి గీసిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే పీకేయడం మొదలుపెట్టాడు. గురువారం తాటిచెట్లు పోయాయి. లారీ ఆగింది. శుక్రవారం టీ బడ్డీ, దాని ముందు పడుకున్న కుక్క. ఆగింది. శనివారం ప్రాణం ఉసూరుమంటున్నా మైలురాయిని కూడా లేపేశాడు. అయినా ఆగింది.

ఆదివారానికి మిగిలింది గోరంత గుడి బొమ్మ. అదీ తీసేశాడు.

గంగులు ఆట మొదలుపెట్టాడు. లారీ ఘాటీ మొదటికి వచ్చింది. ఆగలేదు! మలుపులు తిరుగుతూ పైదాకా ఎక్కేసింది. గంగులు ఈసారి కళ్లు మూసుకోలేదు సరికదా, ఇంతింత చేసుకుని తెరకేసి చూస్తూ ఉండిపోయాడు. నాన్న తన గెలుపు చూసి మురిసిపోతున్నాడని పృథ్వీరాజ్ పొంగిపోయాడు.

గడువుకి పది నిమిషాల ముందు వీడియో వెళ్లిపోయింది.

"సూసినావా నాన్నా! ఆ గుడి బొమ్మే అడ్డం. పట్టేసినాను!"

గంగులు మెషిన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పట్టేసినావు సరే, అమ్మోరి గుడే తీసేత్తే ఇంక నాను బండెక్కడాపి దండమెట్టుకోవాలిరా?"