మొదటి చెంచాడు

అమ్మ పోయిన మూడు వారాలకు, ఒక ఆదివారం, ఆ ఇంట్లో పాలబిళ్ళల రుచి కూడా పోయింది.

ఆ రోజు పెద్దమ్మాయి అమ్మ రాసుకున్న పుస్తకం ముందు పెట్టుకుని పాలు, చక్కెర, వెన్న కొలిచి పోసింది. చెయ్యి లాగేదాకా కలిపింది. ఆవిడ బడిలో టీచరు. కొలత తప్పే మనిషి కాదు.

పళ్ళెంలో పోసి, ఆరాక ముక్కలు కోసింది. చూడ్డానికి అచ్చం అమ్మ చేసినట్టే ఉన్నాయి.

తమ్ముడు ఒకటి నోట్లో వేసుకుని బాగుందన్నాడు. రెండోది తీసుకోలేదు.

మేనకోడలికి ఏడేళ్ళు. మొహమాటం ఇంకా అబ్బలేదు.

"నానమ్మవి ఇలా ఉండవు కదత్తా."

నాన్న సగం కొరికి, మిగతా సగం పళ్ళెం అంచున పెట్టాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన అన్నం ముందు నుంచి కూడా అలాగే సగంలో లేస్తున్నాడు. ఆయన కోసమే ఆమె పొయ్యి వెలిగించింది. ఒక్క ముక్క పూర్తిగా తింటే చాలనుకుంది.

అప్పుడే వీధిలో సానతాత గంట మోగింది.

సైకిల్‌కు సానరాయి బిగించుకుని, నెలకో ఆదివారం వచ్చి కత్తులకు పదును పెట్టే ముసలాయన. ఆయన వచ్చే రోజునే అమ్మ పాలబిళ్ళలు చేసేది. గిన్నె పొయ్యి మీద ఉండగానే మొదటి చెంచాడు సాసర్లో వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళేది. తిరిగొచ్చాక గానీ దించేది కాదు.

"కత్తులు నూరేవాడికి మొదటి చెంచాడు, కన్నకొడుక్కి గిన్నె గీకుడు" అని తమ్ముడు ఉడికించేవాడు.

ఆయన ఆకలి మీద ఉంటాడురా అనేది అమ్మ. తను మాత్రం ఒక్క ముక్క ముట్టేది కాదు. వండినవాళ్ళకు వాసనకే కడుపు నిండుతుందనేది. తల్లి కదా, తన వాటా కూడా పిల్లలకే పెడుతోందని అందరూ అనుకున్నారు.

గేటు దగ్గర సానతాత అమ్మ కోసం లోపలికి చూశాడు. పెద్దమ్మాయి విషయం చెప్పింది. ఆయన సైకిల్‌కు స్టాండు వేసి, సీటు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

ఆమె కత్తి ఇచ్చింది. అమ్మ అలవాటు గుర్తొచ్చి, ఒక ముక్క కూడా ఇచ్చింది.

ఆయన కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలాడు.

"ఉప్పు పడలేదమ్మా. వెన్న కూడా తొందరపడి వేసేశారు. ఈసారి దించకముందు నాకు కాస్త చూపిస్తే చెబుతాను."

తమ్ముడి అబద్ధాన్ని ఆమె ఓర్చుకుంది. పిల్ల నిజాన్నీ, నాన్న వదిలేసిన సగం ముక్కనూ ఓర్చుకుంది. ఈ మాట మాత్రం ఓర్చుకోలేకపోయింది. బడిలో ఎంత అల్లరి పిల్లల మీదా మాట జారని మనిషి.

"మిమ్మల్ని పిలిచింది కత్తికి పదును పెట్టమని. మా అమ్మ వంటకు వంకలు పెట్టమని కాదు."

సానతాత సీటెక్కి సానరాయి తిప్పాడు. కత్తి నూరి, గోటి మీద పదును చూసి, కాగితంలో చుట్టి, పిడి ఆమె వైపు ఉండేలా అందించాడు.

"తప్పయిపోయిందమ్మా. మీ అమ్మగారు అడిగి మరీ చెప్పించుకునేవారు. ఆ అలవాటు."

సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాతి నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు.

మూడో నెలలో, తమ్ముడి కూతురు పాలబిళ్ళలు కావాలని అడిగితే, పెద్దమ్మాయి పుస్తకం తీసింది. ఈసారి చివరి పేజీల దాకా తిప్పింది. అక్కడ పెన్సిల్‌తో అమ్మ చేతిరాత.

'సానతాత ఇంకో చిటికెడు ఉప్పు వెయ్యమన్నాడు.'

'సానతాత మాడు వాసన వస్తోందన్నాడు. ఈ గిన్నె మార్చాలి.'

'ఈసారి అన్నీ సరిపోయాయన్నాడు. పిల్లలకు పెట్టాను.'

ముసలాయన మనసు నొప్పించలేక అమ్మ ఆయన మాటలన్నీ రాసిపెట్టుకుందనుకుంది. అయినా ఆ మాటల ప్రకారమే చేసింది. ఉప్పు వేసింది. వెన్న ఆఖర్న వేసింది.

నాన్న ఒక ముక్క పూర్తిగా తిన్నాడు. పళ్ళెం తన వైపు లాక్కున్నాడు.

"తాతయ్యా, నాకూ ఉంచు" అంది పిల్ల.

ఆ సాయంత్రం పెద్దమ్మాయి, బడిపిల్లల పుస్తకాలకు వేసినట్టే, చినిగిపోయిన ఆ పుస్తకానికి కొత్త అట్ట వేద్దామని కూర్చుంది. పాత అట్ట విప్పుతుంటే లోపలి మడతలోంచి డాక్టరు చీటీ ఒకటి జారిపడింది. ఆరేళ్ళ కిందటిది. అమ్మకు పెద్ద జ్వరం వచ్చి తగ్గిన నెలది.

'రుచి, వాసన రెండూ పూర్తిగా పోయాయి. తిరిగి వస్తాయని చెప్పలేం.'

చీటీ కింద అమ్మ పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసుకుంది. 'ఇంట్లో చెప్పకూడదు. సానతాతను అడిగాను, చూసి చెబుతానన్నాడు.'

పెద్దమ్మాయి ఆ వీధిలోనూ, పక్క వీధుల్లోనూ అడిగింది. ఆయన ఎక్కడుంటాడో, అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నెలకో ఆదివారం ఆ ఇంట్లో పాలబిళ్ళలు చేస్తారు. మొదటి చెంచాడు సాసర్లో వేసి గేటు పక్క గోడ మీద పెడతారు. ఆరేళ్ళు అమ్మకు నాలుకగా ఉన్న ఆ మనిషికి, తప్పయిపోయిందన్న మాట పెద్దమ్మాయి ఇంకా చెప్పలేదు.