నలభై ఒకటో నంబరు

డాక్టరమ్మ మోచెయ్యి తగిలి గాజు గొట్టం బల్ల మీంచి జారింది.

నేల తాకేలోపే పెద్దమ్మ ఒడిసి పట్టేసింది.

ఆవిడ ఆ ల్యాబులో గాజు సామాను కడుగుతుంది. అరవై దాటినా చేతులు చురుకే.

"అమ్మా, ఒక్క మాట. మా అమ్మ సంగతి మీకు చెబుదామని..."

"తర్వాత, పెద్దమ్మా," అంది డాక్టరమ్మ, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

ఆ 'తర్వాత'కి అప్పటికే రెండేళ్ళు.

పాపం, డాక్టరమ్మ తొందర డాక్టరమ్మది. ఆమె చెల్లెలికి ముప్ఫై ఏళ్ళకే కీళ్ళవాతం. కంచే చేను మేసినట్టు, ఒంటిని కాపాడాల్సిన కణాలే కీళ్ళని తినేస్తున్నాయి. జడ కూడా అక్కే వెయ్యాలి.

"ఇంకెన్నాళ్ళక్కా?" అంది చెల్లెలు, జడ వేయించుకుంటూ.

"దొంగలు దొరికారే. రెండు జన్యువులు. విడివిడిగా సాధువులే, కలిశాయంటే కొంప ముంచుతాయి. కానీ రక్తం ఇచ్చిన ఐదు వందల మందిలో ఒక్కరికి మాత్రం రెండూ ఉన్నా జబ్బు రాలేదు. నలభై ఒకటో నంబరు. ఏదో మూడో జన్యువు ఆ రెంటినీ ఆపుతోంది. ఆ మనిషి తాజా రక్తం ఇస్తే మందుకి దారి దొరుకుతుంది."

"అయితే పిలవొచ్చుగా?"

"ఎవరో తెలిస్తేగా!"

రక్తం ఇచ్చినవాళ్ళ పేర్లు ల్యాబుకి తెలియకూడదు, నంబర్లే ఉండాలి. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది డాక్టరమ్మే. పేరున్న కవరు విప్పాలంటే కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

మూడో నెలలో ఒకరోజు సింకు నిండా గొట్టాలు పేరుకుపోయాయి.

"పెద్దమ్మ రాలేదా?"

"పోయింది మేడమ్, మొన్న. గుండెపోటు," అంది అసిస్టెంటు. "పోయిన వారం కూడా మీకేదో చెప్పాలంది."

"అయ్యో," అంది డాక్టరమ్మ. ఆ వెంటనే, "మరి ఇవెవరు కడుగుతారు?" అంది.

ఆ మాట ఆమెని తర్వాత బతికినన్నాళ్ళూ గుచ్చుతూనే ఉంది.

కవరు వచ్చిన రోజు ముందు చెల్లెలికే ఫోన్ చేసింది.

"వచ్చేసిందే! విప్పుతున్నా, ఉండు."

"ఎవరక్కా?"

డాక్టరమ్మ కవరు చింపి కాగితం బయటికి తీసింది.

"అక్కా, ఎవరే?"

డాక్టరమ్మ చేతిలో కాగితం మీద పేరు కింద నాలుగే ముక్కలున్నాయి: స్త్రీ, అరవై రెండేళ్ళు, తల్లికీ అక్కలిద్దరికీ కీళ్ళవాతం, పని మీ ల్యాబులోనే గాజు సామాను కడగడం.