సముద్రం వైపు కంచె

మెసేజ్ వచ్చేసరికి కీర్తిప్రియ పెసరట్టు తిరగేస్తోంది.

"కంచెకి పెట్టిన లోన్ వచ్చేసింది!" హాల్లోంచి వంశీ కేక.

అట్టు మాడిపోయింది. మాడిన అట్టునే చెరి సగం తుంచుకుని, పెళ్ళి విందులా తిన్నారు ఇద్దరూ.

పెళ్ళయి మూడు నెలలు. వంశీకి కాకినాడలో ఉద్యోగం. ఉప్పాడ ఒడ్డున, కిటికీ తీస్తే సముద్రం కనబడే సొంత ఇల్లు! అంత చవగ్గా దొరుకుతుందని భీమవరం పిల్ల కీర్తిప్రియ కలలో కూడా అనుకోలేదు. ఒడ్డుకి రాళ్ళ గోడ వచ్చేస్తోందని, ఆ తర్వాత ఈ ధరకి గజం కూడా రాదని బ్రోకరు ఒట్టేసి చెప్పాడు.

ఇంటికి ఇక తక్కువైంది కంచె ఒక్కటే.

ఆమె నోటుపుస్తకం తెరిచింది.

"సిమెంటు స్తంభాలు నలభై. ఇనప వల. కూలి. గేటు... గేటుకి ఏ రంగండీ?"

"నీ ఇష్టం."

"నెమలికంఠం." రాసేసింది. కూడి చూసి మొహం ముడుచుకుంది. "లోన్ దాటిపోతోందండీ. సముద్రం వైపు మానేద్దామా?"

"అదొక్కటీ వదిలేస్తే దొంగలకి అదే రాజమార్గం" అన్నాడు వంశీ.

టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు.

పెరటికీ నీళ్ళకీ మధ్య ఇసకలో ఐదు తాటి గుంజలు పాతి ఉన్నాయి. మోకాలెత్తున. వాటి మీద తారుతో అంకెలు. 20, 21, 22, 23, 24.

నీళ్ళ దగ్గర మొదలైంది వరస. ఎవరో ఒక్కో అడుగూ వేసుకుంటూ ఇంటివైపు నడిచి వస్తున్నట్టుంది.

"ఇవేం అంకెలండీ?" అంది కీర్తిప్రియ.

"ప్లాట్ నంబర్లు" అన్నాడు వంశీ. లేఅవుట్లు చాలా చూసినవాడు. "ఎవడో మన వెనక జాగా ఆక్రమిస్తున్నాడు."

మర్నాడు తెల్లారగట్ల ఆ ఎవడో కనబడ్డాడు.

ముసలాయన. 24 అంకె ఉన్న గుంజ దగ్గర్నుంచి వంటింటి గోడదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు.

"ఎవరు మీరు?" కిటికీలోంచి అరిచింది కీర్తిప్రియ.

"బుల్లియ్యనమ్మా. ఈ వీధే. కంచె వేత్తన్నారంట?"

"ఔను."

"సముద్రం వైపు కూడానా?"

"దొంగలు రాకుండా."

"అటేపు నించొచ్చే దొంగకి కంచె అడ్డమా తల్లీ? ఆ డబ్బులు దాచుకోండి. ఇల్లు కాళీ చేసేటప్పుడు పనికొత్తాయి."

వంశీ విసురుగా బయటికొచ్చాడు. "ఏంటి, బెదిరిస్తున్నారా? ఇంకోసారి మా జాగాలో కనబడితే పోలీసులకి ఫోన్ చేస్తాను."

బుల్లియ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయి మింగేశాడు.

"పెళ్ళయి ఎన్నాళ్ళమ్మా?"

"మూడు నెలలు" అనేసింది కీర్తిప్రియ, తనకి తెలియకుండానే.

తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే వంశీ ఐదు గుంజలూ పెరికేశాడు. ఎండిన తాటికర్ర వేణ్ణీళ్ళ పొయ్యిలో భగ్గుమంది. తారు వాసన ఇల్లంతా పట్టుకుంది. సాంబ్రాణి వేసినా వదల్లేదు.

కంచె ఎక్కడ రావాలో తెలియడానికి సముద్రం వైపు ముగ్గు గీత పోశాడు. తెల్లారేసరికి గీత లేదు. మళ్ళీ పోశాడు. మళ్ళీ లేదు.

"ముసలాడి పనే ఇది" పళ్ళు కొరికాడు వంశీ.

కీర్తిప్రియ వంగి చూసింది. తడి ఇసక మీద ఒక్క కాలిముద్ర కూడా లేదు. ఆ మాట మొగుడితో అనడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

పది రోజులు గడిచాయి. ఓ సాయంత్రం వాకిట్లో ఒకామె వచ్చి నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"తలుపులమ్మనండి. బుల్లియ్య కూతుర్ని."

"గుంజలు మళ్ళీ పాతిరమ్మన్నాడా మీ నాన్న?" అన్నాడు వంశీ.

"నాన్న మొన్న మంగళవారం పోయాడండి. గుండె ఆగిపోయింది."

వంశీ తల దించుకున్నాడు. కీర్తిప్రియ కుర్చీ తెచ్చి వేసింది. మెల్లిగా అడిగింది:

"ఆ గుంజలు... అవేంటండీ?"

"ఏటా పెద్ద పోటుకి నీళ్ళెందాకా వచ్చాయో అక్కడ పాతేవాడండి. అంకె ఆ సంవత్సరందండి. ఏటికేడు ఎన్నడుగులు మీదికొచ్చిందో చూసుకుని, ఈసారి ఎవరిల్లు పోద్దో ముందే చెప్పేసేవాడు. మా వీధిలో పదకొండిళ్ళు పోయాయండి. మడిసి ఒక్కడూ పోలేదు."

కీర్తిప్రియ వెనక్కి తిరిగి వంటింటి గోడ వైపు చూసింది.

"మాతో ఆ మాటే చెప్పొచ్చు కదండీ!" అన్నాడు వంశీ.

"చెబుదామనే వచ్చాడండి. 'కొత్త పెళ్ళోళ్ళే, ఇల్లు చూసుకుని మురిసిపోతన్నారు, నోరు రాలేదే' అన్నాడు. మీ గోడకి ఇక పదకొండడుగులే ఉందన్నాడు. ఎల్లుండి పున్నమి పోటండి."

వెనక కిటికీలోంచి సముద్రం వినబడుతోంది, మునుపెన్నడూ లేనంత దగ్గరగా.

"రేపు పొద్దున్నే నలుగుర్ని తీసుకొత్తానండి, సామాన్లు మోసేద్దాం" అంది తలుపులమ్మ. "మీరొచ్చి ఉంటారని తన గది మిమ్మల్ని చూసొచ్చిన రోజే కాళీ చేసేసి, పోయేదాకా అరుగు మీదే పడుకున్నాడండి మా నాన్న."