నీళ్ల ట్యూబులో ఎనిమిదోది

రాత్రి ల్యాబులో ఆవిడ ఒక్కతే మిగిలింది. చిన్న దగ్గుతో మొదలై, వార్డులో ఒకరి తర్వాత ఒకరుగా ఏడుగురిని పొట్టన పెట్టుకున్న క్రిమి జన్యువులను యంత్రం గుయ్యిమంటూ చదువుతోంది. రోగుల నమూనాల పక్కన ఉత్త నీళ్ల ట్యూబు ఒకటి పెట్టడం అక్కడి పద్ధతి. అందులో ఏమీ కనిపించకూడదు.

ఈ రాత్రి కనిపించింది.

చేయి జారి ఏదో నమూనా కలిసిందేమోనని పోల్చి చూసింది. మనిషిని దాటిన ప్రతిసారీ ఆ క్రిమి జన్యువుల రాతలో ఒక్కో అక్షరం మారుతూ వచ్చింది. ఏడో రోగి దగ్గర ఏడు మార్పులు. నీళ్లలో ఎనిమిది.

ఎనిమిదో మనిషి వార్డులో లేడు.

మధ్యాహ్నం ఉక్కపోస్తోందని మాస్కు కిందికి లాగి ఆ ట్యూబు నింపింది తనే. పొద్దుటినుంచీ గొంతులో గరగరగా ఉంది.

ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, ఇంకా ఎంతసేపు? నీ యంత్రానికి నిద్ర రాదా?"

"గడియ పెట్టుకో బంగారం. నేనొచ్చి తట్టినా తలుపు తియ్యకు."

"అదేంటి, నువ్వేమైనా దొంగవా!" పాప పకపకా నవ్వింది.

ఆ నవ్వు మధ్యలో సన్నగా దగ్గింది.