ముట్టుకోకూడని పనిముట్టు

“ముట్టుకుంటివంటే చెయ్యి విరుగుతాది” అంది సుబ్బరత్నమ్మ.

తేజేశ్వర్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎదురుగా పీట మీద, ఛార్జరు తీగతో సహా, అతని ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అంచులకు పసుపు, ఆన్ చేసే మీట మీద కుంకుమ బొట్టు, తెర చుట్టూ చామంతి దండ. దానికి ఒక పక్క తండ్రి వెంకటరమణయ్య అంగడి తక్కెడ, మరో పక్క భార్య శ్రీవాసవి కుట్టుపని కత్తెర. ఆయుధపూజ హారతి అప్పుడే ముగిసింది. నందికొట్కూరులోని ఆ ఇంట్లో ఒకటే నియమం: పూజకెక్కిన పనిముట్టు మరునాటి ఉదయం దాకా పని చేయకూడదు.

జేబులో ఫోను మాత్రం ఏ నియమమూ లేకుండా మోగుతోంది.

“మా మేనేజరు భూపేష్ అన్న మా. కంపెనీ బస్సు టికెట్ల సైటు పడిపోయింది. పండగ పూట ఒక్క టికెట్టూ తెగడం ల్యా. మధ్యాన్నం లోపల లేపకపోతే ఈసారి కోతల్లో నా ఉద్యోగం కాపాడలేనంటాండాడు.”

“అమ్మవారికి చెప్పుకో. ఆమె చూసుకుంటాది.”

“ఇప్పుడే ఇద్దరు చక్కెరకొచ్చిరి” అన్నాడు వెంకటరమణయ్య, గోడకు ఆనుకొని. “తక్కెడ ముట్టనని పంపిస్తి. నీ పెట్టె నా తక్కెడ కన్నా గొప్పదా?”

“నీ తక్కెడకు పైన మేనేజరు ల్యాడు గద నాయనా!”

తేజేశ్వర్‌కు నలభై దాటాయి. తత్త్వగ్రంథాలు చదువుతాడు. ఏ చిక్కునైనా తర్కంతో విప్పవచ్చని అతని విశ్వాసం. పీట ముందు బాసిపట్టు వేసుకొని కూర్చున్నాడు.

“అమ్మా, నిదానంగా ఆలోచించు. పనిముట్టంటే ఏది? ఈ పెట్టె కాదు. పని చేసేది నా తలకాయ. ఇది ఊరికే నేను చెప్పింది చేస్తాది. అసలు ఆయుధం నేనే.”

సుబ్బరత్నమ్మ కాసేపు ఆలోచించింది. లేచి కుంకుమ భరిణె తెచ్చి, కొడుకు నుదుట రూపాయంత బొట్టు పెట్టింది. మిగిలిన చామంతి పువ్వొకటి చెవి మీద నిలబెట్టింది.

“నిజమేరా తేజా. నాకు తోచనే ల్యా. అయితే రేపు పొద్దున దాకా నువ్వు గూడా పని చెయ్యగూడదు. నిన్నెవురూ ముట్టుకోగూడదు.”

“అత్తా, ఒక హారతి గూడా ఇయ్యి” అంది శ్రీవాసవి నవ్వాపుకోలేక. “గుమ్మడికాయ నేను తెస్తా, ఆయన తలకాయ మింద దిష్టి తీద్దాం.”

వాదంలో గెలిచిన ప్రతిసారీ ఈ ఇంట్లో తానే ఎందుకు ఓడిపోతాడో తేజేశ్వర్‌కు ఇంతవరకు అంతుపట్టలేదు.

ఇంతలో ప్రసాదం కోసం పక్కింటి బొజ్జన్న వచ్చాడు. ఒక పార్టీ జెండా మోసే మనిషి.

“మా నాయకుని మైకు గూడా పూజలో పెట్టినామప్పా. రేపటి దాకా ఉపన్యాసం ల్యా.”

“ఊరెట్లుండాది?” అడిగాడు వెంకటరమణయ్య.

“ఊరికేమి, శానా నిమ్మళంగా ఉండాది. నాయకునికే కాలూ చెయ్యీ ఆడడం ల్యా.”

పనిముట్టు ఆగినంత మాత్రాన లోకం ఆగదు; ఆగేది దాన్ని పట్టుకున్నవాడి గర్వమే అనుకున్నాడు తేజేశ్వర్. మంచి ఆలోచన. ఫోను మళ్లీ మోగకపోయి ఉంటే మరికొంత దూరం సాగేది.

“ఏందిరా ఇది?” సుబ్బరత్నమ్మ ల్యాప్‌టాప్ దగ్గర చెవి పెట్టింది. “అమ్మవారి ముందర గూడా గర్రుమంటాండాది!”

“లోపల ఫ్యాను మా. రాత్రి టికెట్ల పరీక్ష ఒకటి మొదలుపెట్టి పండుకుంటి. పరీక్షల కోసమే పెట్టుకున్న మా నకిలీ సైటు ఎంత రద్దీకి తట్టుకుంటాదో చూసేది. ఇంకా నడుస్తాన్నట్టుండాది. దాన్ని మాత్రం ఆపొద్దు, సగంలో ఆపితే మళ్ల మొదట్నించి చెయ్యాల.”

“పూజలో కూర్చోని దొంగతనంగా పని చేస్తాండాదా?”

“అమ్మా, ముట్టుకోగూడదంటివే!”

“పని చేయించగూడదంటి. పండబెడితే తప్పు ల్యా.”

తన ఫోనును ఆపే పద్ధతిలోనే ఆమె బొట్టు పెట్టిన మీటను గట్టిగా నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది. గర్రుమనే చప్పుడు ఆగింది. తేజేశ్వర్ తల పట్టుకున్నాడు. ఇక బతిమాలి తెరిపించినా, అన్నీ సర్దుకొని పని మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది.

ఫోను మళ్లీ మోగింది.

“మాట్లాడుకో” అంది తల్లి ఉదారంగా. “దాన్ని పూజలో పెట్టల్యా.”

తేజేశ్వర్ కళ్లు మూసుకొని ఫోను చెవికి ఆనించాడు.

“తేజా! లేచిందప్పా!” అని అరిచాడు భూపేష్. బెంగళూరుకు పోయి ఎన్నేళ్లయినా అతని గొంతు ప్రొద్దుటూరు దాటలేదు. “టికెట్లు తెగుతాండాయి! ఏం చేస్తివి?”

“నేనేం... ఎప్పుడు లేచిందన్నా?”

“ఈ నిమిషమే. రాత్రి నించి ఎవడో ఒక్కడు, వేలమంది ప్రయాణికుల మాదిరి వేషం కట్టి, ఊపిరాడకుండా టికెట్లు అడుగుతానే ఉండాడు. నిజంగా ఊరికి పోయేటోళ్లకు సందే ల్యా. ఇప్పుడు దీపం ఆర్పినట్టు ఆగిపాయ.”

నల్లని తెరలో, చామంతి దండ నడుమ, రూపాయంత బొట్టుతో ఒక ముఖం కనిపించింది. రాత్రి నిద్రమత్తులో నకిలీ సైటు చిరునామాకు బదులు ఏ చిరునామా కొట్టిందో ఆ ముఖానికి మెల్లగా గుర్తుకొచ్చింది.

“వాడెవడో నీకేమన్నా తెలిసిందా? తెలిస్తే చెప్పు, ఈపొద్దే వాని పని పడతా.”

తేజేశ్వర్ చెవి మీది పువ్వు సరిచేసుకున్నాడు.

“ఈపొద్దు వాణ్ణి ముట్టుకోగూడదన్నా. పూజలో ఉండాడు.”